ఈ ఏడాది ఇంటర్ కాలేజ్ కబడ్డీ: మన తిరువూరు జట్టు ఎట్లా ఉంది?

  పోస్టు పెద్దగా ఉంటది, ముందే చెప్తున్నాం. బస్సులో సీటు దొరికినాక తీరిగ్గా చదువుకోండి.

మేం నలుగురం కలిసి రాస్తున్నాం. ఇద్దరం ఇప్పుడు జట్టులో ఆడుతున్నవాళ్లం, ఇద్దరం పోయినేడు డిగ్రీ అయిపోయినా గ్రౌండు వదలనివాళ్లం. అందరిదీ నెమలి చుట్టుపక్కల తండాలే. నెమలి అంటే గంపలగూడెం మండలంలో వేణుగోపాలస్వామి గుడి ఉన్న ఊరు, మీలో చాలామంది వచ్చే ఉంటారు. తిరువూరు కాలేజీకి పోవడానికి బస్సు ఎక్కేది అక్కడే, సాయంత్రం దిగేది అక్కడే, దిగినాక ఇంటికి పోకుండా చెడుగుడు ఆడేదీ అక్కడే. మా కాలేజీ పేరు, ఆడేవాళ్ల పేర్లు ఈ పోస్టులో రాయడం లేదు. పొగిడినా గొడవే, తిట్టినా గొడవే. ఎవరి గురించో వాళ్లకు తెలుస్తది, చాలు.

ఇట్లాంటి పోస్టు రాయాలని ఎందుకు అనిపించిందో చెప్తాం. అమెరికాలో ఒక అలవాటు ఉంది. అక్కడ కాలేజీల మధ్య ఫుట్‌బాల్ ఆడతారు. మనం కాలితో తన్నేది కాదు, బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. సెప్టెంబరులో ఆట మొదలైతే, ఆగస్టు నుంచే రాయడం మొదలుపెడతారు. ఫలానా జట్టులో ఎవరు చదువు అయిపోయి వెళ్లారు, ఎవరు మిగిలారు, కొత్త పిల్లల్లో ఎవరు పనికొస్తారు, ఎవరి మోకాలు బాగుపడింది, ఏ మ్యాచ్ ఎవరి ఊళ్లో, అంతా. పెద్ద యూనివర్సిటీల గురించి రాశారంటే వింతేం లేదు, వాళ్లకు టీవీ ఉంది, లక్ష మంది పట్టే స్టేడియాలున్నాయి. కానీ వెయ్యీ రెండు వేల మంది చదివే చిన్న కాలేజీల గురించి కూడా అంతే శ్రద్ధగా రాస్తారు. డివిజన్ త్రీ అంటారు వాటిని. అందులో ఫుట్‌బాల్ ఆడే కాలేజీలే 240 దాకా ఉన్నాయి. ఆ డివిజన్‌లో ఆట బాగా ఆడతాడని స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు, అది రూలు. అంటే చదువుకుంటూ, ఇష్టం కొద్దీ ఆడే పిల్లలు. అచ్చం మనలాగే. వాళ్ల గురించి పేజీలకు పేజీలు ఉంటే, మన గురించి పేపర్లో జిల్లా పేజీ కింద రెండు లైన్లు, అది కూడా కప్పు గెలిస్తేనే.

మనం కప్పు గెలవం. అందుకని మన గురించి మనమే రాసుకోవాలి అనుకున్నాం.

అక్కడిదే ఇంకో సంగతి. మిన్నెసోటా రాష్ట్రంలో చిన్న కాలేజీలన్నీ కలిసి ఒక కాన్ఫరెన్స్ పెట్టుకున్నాయి. కాన్ఫరెన్స్ అంటే ఏటా ఒకరితో ఒకరు ఆడుకునే కాలేజీల గుంపు. అందులో సెయింట్ థామస్ అనే కాలేజీ రానురాను పెద్దదైపోయింది, పిల్లలెక్కువ, డబ్బెక్కువ. 2017లో ఆ జట్టు సెయింట్ ఓలాఫ్ అనే కాలేజీని 97-0 తో కొట్టింది. తొంభై ఏడు, సున్నా. రెండేళ్లు తిరిగేసరికి మిగతా కాలేజీలన్నీ కూర్చుని, మీ స్థాయి వేరు, మా స్థాయి వేరు, మీరు ఇంకోచోటు చూసుకోండి అని సెయింట్ థామస్‌ను పంపేశాయి. 2021లో అది నేరుగా పెద్ద డివిజన్‌కు పోయింది. గెలిచినందుకు వెళ్లగొట్టారు అని కొందరికి కోపం వచ్చింది. మాకు మాత్రం ఇది చదివినప్పుడు ఓడినవాళ్ల మీదే మనసు పోయింది. 97-0 తో ఓడిన పిల్లలు తర్వాతి శనివారం మళ్లీ గ్రౌండులోకి దిగారు. ఎందుకంటే వాళ్లకు తర్వాతి శనివారం అనేది ఒకటుంది. సీజన్‌కు పది మ్యాచ్‌లు, గెలిచినా పదే, ఓడినా పదే.

మనకు అది లేదు. ఈ పోస్టులో అసలు సంగతి ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాం.

మన కాలేజీలన్నీ మచిలీపట్నంలోని కృష్ణా యూనివర్సిటీ కింద ఉన్నాయి. 2008లో పెట్టిన యూనివర్సిటీ. 2022లో జిల్లాలు విడగొట్టాక మనం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం గానీ యూనివర్సిటీ అదే. ఏటా ఏదో ఒక కాలేజీలో ఇంటర్ కాలేజ్ కబడ్డీ పెడతారు. మేం చూసినన్నాళ్లూ నాకౌట్ పద్ధతే. ఓడితే ఇంటికి. కబడ్డీ మ్యాచ్ అంటే 20 నిమిషాలు ఒక సగం, 5 నిమిషాలు విరామం, మళ్లీ 20 నిమిషాలు. మొదటి మ్యాచ్‌లోనే ఓడిన జట్టుకు సీజన్ పొడవు 40 నిమిషాలు. జూన్ నుంచి తెల్లారుజామున లేచి ప్రాక్టీసు చేసి, అప్పు చేసి షూ కొనుక్కుని, తెల్లవారి నాలుగింటికి బస్సెక్కి పోయి 40 నిమిషాలు ఆడి, మధ్యాహ్నం పెట్టిన భోజనం ప్యాకెట్టు తినేసి తిరిగి రావడం. పోయినేడు మాకు జరిగింది అదే. 38-29 తో ఓడాం. అంత ఘోరంగా ఏం ఓడలేదు, రెండో సగంలో మేమే ఎక్కువ పాయింట్లు తెచ్చాం. కానీ సాయంత్రానికి నెమలిలో దిగేసరికి, ఏందిరా అప్పుడే వచ్చారు, ఆట లేదా ఇవ్వాళ అని అడిగారు.

ఆట ఓడితే ఓడాం, దాంట్లో ఏముంది అంటారేమో. ఉంది. ఇంటర్ కాలేజ్ పోటీలు జరిగేటప్పుడే యూనివర్సిటీ జట్టుకు ఎవరు పనికొస్తారో సెలెక్షన్ వాళ్లు చూసుకుంటారు. పన్నెండు మందిని తీసి సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీకి పంపుతారు. అక్కడ ఆడినవాళ్లకు వచ్చే సర్టిఫికెట్టునే ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకు ఫారం-3 అంటారు. దేశం తరఫున ఆడితే ఫారం-1, రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడితే ఫారం-2, యూనివర్సిటీ తరఫున ఆడితే ఫారం-3, స్కూల్ నేషనల్స్ అయితే ఫారం-4. ఉత్త ఇంటర్ కాలేజ్ ఆడిన సర్టిఫికెట్టు ఇంట్లో గోడకు తగిలించుకోవడానికే. మన రాష్ట్రంలో ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 శాతం నుంచి 3 శాతం చేశారు. 2025 మెగా డీఎస్సీలో ఆ కోటా కింద 421 టీచరు పోస్టులు చూపించారు, పరీక్ష కూడా లేకుండా. ఆ నోటిఫికేషన్ వచ్చిన రోజు మా తండాలో పదేళ్ల కిందట బ్రహ్మాండంగా ఆడిన ఒక అన్న ఇంట్లో ఉన్న సర్టిఫికెట్లన్నీ తీసి మంచం మీద పరిచాడు. పదిహేడు ఉన్నయి. సంక్రాంతి పోటీలవి, మండలం ఆటలవి, ఇంటర్ కాలేజ్‌వి. ఒక్కటి కూడా ఫారం-3 కాదు. మళ్లీ మడిచి సంచిలో పెట్టాడు, ఏం మాట్లాడలేదు.

కాబట్టి మన సీజన్‌ను కప్పు వస్తదా రాదా అని చూడకండి. ఆ పన్నెండు మందిలో మనవాడు ఒక్కడైనా ఉంటాడా అనేదే లెక్క. నలభై నిమిషాల్లో సెలెక్షన్ వాళ్ల కంట్లో పడాలి. ఆ టైములో వాళ్లు పక్క కోర్టు చూస్తుంటే అంతే.

ఇంక జట్టు దగ్గరికొద్దాం.

పోయినేటి ఏడుగురిలో ముగ్గురు వెళ్లిపోయారు. కుడి కార్నర్ డిగ్రీ అయిపోయి హైదరాబాదులో డెలివరీ పనికి పోయాడు. ఆ లోటు పెద్దది. చీలమండ పట్టు అంటే వాడిదే, రైడరు బోనస్ గీత మీద కాలు పెట్టినప్పుడు వంగి అందుకునేవాడు, లేచేదాకా రైడరుకు తెలిసేది కాదు. ఒక కవర్, ఒక రైడర్ కూడా పోయారు. రైడర్ పోవడం గురించి పెద్దగా బాధ లేదు, నిజం చెప్పుకోవాలి. కూతకు పోతే పాయింటు లేకుండా తిరిగొచ్చేదే ఎక్కువ, మూడో కూత చావోరేవో అయ్యేసరికి వేరేవాడి నెత్తిన పడేది.

మిగిలిన నలుగురిలో ఎడమ కార్నర్ మన జట్టుకు మూలస్తంభం. మూడో సంవత్సరం, ఇదే ఆఖరి అవకాశం. ఎవరినైనా ఒక్కడినే చూడండి అని సెలెక్షన్ వాళ్లను బతిమాలే వీలుంటే వాడినే చూపిస్తాం. మిరప కోతల్లో, పత్తి బస్తాలు ఎత్తడంలో వచ్చిన నడుము బలం అది, జిమ్ముల్లో వచ్చేది కాదు. ఒక్క లోపం, తొందర. రైడరు ఇంకా గీత దాటకముందే దూకేస్తాడు. మొదటి పది నిమిషాలు ఓపిక పడితే యూనివర్సిటీకి పోతాడు, పట్టకపోతే బెంచీ మీద కూర్చుని చూస్తాడు. వాడికి ఇది ముఖం మీదే చెప్పాం, ఇప్పుడు ఇక్కడ కూడా చెప్తున్నాం.

రైడింగులో మన నంబర్ వన్ గురించి రాయాలంటే కష్టంగా ఉంది. ఎ.కొండూరు మండలం తండా పిల్లోడు. ఆ తండాల్లో కిడ్నీ జబ్బు సంగతి మీకు చెప్పక్కర్లేదు, బోరు నీళ్ల వల్లేనని తండాల్లో అందరం అనుకుంటాం, ఎన్ని ఇళ్లల్లో మనుషులు పోయారో మనకే తెలుసు. వీడి నాన్నకు డయాలసిస్ నడుస్తోంది. ఒకసారి పోతే నాలుగు గంటలు మిషన్ మీద, పోను రాను ఇంకో పూట. తీసుకుపోయేది వీడే, అన్నదమ్ములు లేరు. మ్యాచ్ రోజు, డయాలసిస్ రోజు ఒకటే అయితే ఏం చేయాలని మేం అడగలేదు. వాడే చెప్పాడు, నాన్నను తీసుకుపోతా అన్నా, మీరు ఇంకొకళ్లను పెట్టుకోండి అని. అందుకే మేం ఇప్పటినుంచే వంతులు వేసుకుంటున్నాం. ఆ రోజు ఆయన్ని తీసుకుపోవడానికి మాలో ఆడనివాళ్లం ఇద్దరం సిద్ధంగా ఉంటాం. ఆయన ఒప్పుకోవాలి. కొడుకు ఆట చూడకపోయినా ఫర్వాలేదు, వాణ్ణి పంపండి అని ఆయన నోటితో అనిపించే పని తండా పెద్దమనిషికి అప్పజెప్పాం.

వాడు ఆడితే ఏమవుతదో చెప్తాం. ఎదుటి జట్టులో ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉన్నప్పుడు బోనస్ గీత తొక్కితే పాయింటు వస్తది కదా, వాడు దాన్ని ఉద్యోగంలా చేస్తాడు. పోతాడు, తొక్కుతాడు, వస్తాడు. చూసేవాళ్లకు విసుగు. కానీ పోయినేడు మా 29 పాయింట్లలో 11 వాడివే, అందులో ఆరు బోనస్‌లే. ప్రో కబడ్డీ చూసి అందరూ గాల్లో ఎగిరి దాటడం నేర్చుకోవాలనుకుంటారు. తెలుగు టైటాన్స్‌లో రాహుల్ చౌదరి ఆడిన రోజుల నుంచి మన తండాల్లో ప్రతి పిల్లోడూ రైడరే, పట్టేవాళ్లే దొరకరు. వీడొక్కడు మాత్రం లెక్క చూసుకుని ఆడతాడు.

కొత్తగా చేరినవాళ్లలో గురుకులం నుంచి వచ్చిన తమ్ముడొకడు ఉన్నాడు, స్కూలు గేమ్స్ ఆడాడు, మ్యాట్ అలవాటుంది. కుడి కార్నర్‌లో వాణ్ణే పెడుతున్నాం. ఇంకా మనిషి నిండలేదు, 58 కిలోలు. సీనియర్ మగవాళ్లకు 85 కిలోల దాకా అనుమతి ఉంది, విజయవాడ జట్లలో అంతా దాని అంచులో ఉంటారు. 58 కిలోలోడు 80 కిలోలోడి కాలు పట్టుకుంటే కాలే వీణ్ణి ఈడ్చుకుపోతది. అందుకే పక్కన కవర్‌గా బరువైన మనిషి ఉండాలి, వీడు పట్టుకున్న క్షణంలోనే వాడు మీద పడాలి. నెల రోజుల నుంచి ప్రాక్టీసంతా దీని మీదే. పదిసార్లకు ఆరుసార్లు కుదురుతోంది.

మట్టి, మ్యాట్ సంగతి కూడా చెప్పాలి, గ్రూపులో జూనియర్లు అడుగుతుంటారు. మనం నెమలిలో ఆడేది మట్టి మీద, ఒట్టి కాళ్లతో. మట్టిలో కాలు జారుతది, ఆ జారడాన్నే వాడుకుంటాం. మ్యాట్ మీద షూ వేసుకుంటే కాలు అతుక్కుపోతది. ఒళ్లు తిరుగుతది, పాదం తిరగదు, మోకాలు పోతది. మొదటిసారి మ్యాట్ ఎక్కిన మనవాళ్లకు దెబ్బలు తగిలేది అందుకే, చేతకాక కాదు. మనకు దగ్గర్లో మ్యాట్ లేదు. అద్దెకు తెచ్చే స్తోమత లేదు. ఈసారి చేసేదేమిటంటే, పోటీకి ఒకరోజు ముందే పోయి, నిర్వాహకులను బతిమాలి, చీకటి పడేలోపు గంటసేపు మ్యాట్ మీద నడుస్తాం. నడిచినా చాలు, కాలికి తెలుస్తది.

ఎదుటివాళ్ల విషయం క్లుప్తంగా. విజయవాడ పెద్ద కాలేజీలకు ఆటగాళ్లను ఏరుకుని చేర్చుకునే అలవాటుంది, ఫీజు లేకుండా, హాస్టలు ఇచ్చి. తప్పని మేం అనం, ఆ పిల్లలు కూడా ఏదో ఒక ఊరి పేదవాళ్లే. వ్యాయామ విద్య కాలేజీ ఏదైనా దిగితే వాళ్లకు ఆటే చదువు, మనకు రికార్డులు రాయడంతోనే సరిపోతది. గుడివాడ వైపు జట్లు పట్టులో గట్టి, కూతలో మెత్తన. అవనిగడ్డ, మచిలీపట్నం వైపు వాళ్లు పరుగులో మనకంటే మేలు. నందిగామ, జగ్గయ్యపేట, మైలవరం జట్లు మనలాంటివే, ఒక్కోసారి ఏడుగురు కూడా సరిగ్గా దొరకరు. చీటీ తీసినప్పుడు వీళ్లలో ఒకరు పడితే మొదటి మ్యాచ్ దాటతాం అని మా నమ్మకం. విజయవాడ పడితే మళ్లీ 40 నిమిషాలే. అట్లాగని సెయింట్ థామస్‌ను పంపినట్టు విజయవాడోళ్లను పంపేయాలని మేం అడగం. వాళ్లతో ఆడితేనే మన ఎడమ కార్నర్ ఎవరో లోకానికి తెలిసేది.

మనకు మాత్రమే ఉన్న ఒక బలం ఉంది. మ్యాట్ మీద మనం గోర్ బోలీలో మాట్లాడుకుంటాం. ఎవరు ముందు పట్టాలి, ఎవరు చెయిన్ వదలాలి, రైడరు ఏ కాలు మీద బరువేశాడు, అన్నీ గట్టిగానే అరుచుకుంటాం, ఎదుటోళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. జట్టులో ఇద్దరు ఎరుకల తమ్ముళ్లు, ఒక బీసీ మిత్రుడు ఉన్నారు, వాళ్లకు కూడా నేర్పాం. బీసీ తమ్ముడు ఇప్పుడు తండాకొచ్చి మా యాడితో గోర్ బోలీలోనే టీ అడుగుతాడు. రెండేళ్ల కిందట ఒక చోట ఒక రిఫరీ, మామూలు భాషలో మాట్లాడండి అన్నాడు. మాకు అదే మామూలు భాష సార్ అని మా కెప్టెన్ అన్నాడు. రూల్సులో భాష గురించి ఏం లేదు, మేం వెతికాం. ఈసారి ఎవరైనా అంటే అదే జవాబు.

అమ్మాయిల జట్టు గురించి వేరే పోస్టు రాయాలనుకున్నాం, కానీ వేరే పోస్టు అంటే ఎప్పటికీ రాయం, కాబట్టి ఇక్కడే. నిజానికి గెలిచే అవకాశం వాళ్లకే ఎక్కువ. అమ్మాయిల పోటీలో జట్లు తక్కువ వస్తాయి, రెండు మ్యాచ్‌లు గెలిస్తే సెమీస్. మన అమ్మాయిల్లో ఇద్దరు రైడర్లు గట్టిగా ఉన్నారు, ఒకామె వేగానికి మాలోనే పట్టగలిగినవాళ్లు లేరు. అయినా పోయినేడు జట్టు పోలేదు. ఏడుగురు కావాలి, ఆరుగురే తేలారు. ఒకామెకు పెళ్లి కుదిరింది, ఇంకొకామె ఇంట్లో రాత్రి బయట ఉండొద్దన్నారు. ఇక్కడ అన్నలకు ఒక మాట. మీ చెల్లెలు ఆడతానంటే వెంట ఒక మనిషి కావాలి, అంతే. పోయి రెండు రోజులు కూర్చోండి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, అప్పటికి పదమూడేళ్లు. కూనవరం మండలం నుంచి కుంజా రజిత దేశం తరఫున పరిగెత్తింది. వాళ్ల ఇళ్లల్లో కూడా భయపడే ఉంటారు. మనం పంపమనేది మచిలీపట్నానికి. మహిళల కబడ్డీ 2010 నుంచి ఆసియా క్రీడల్లో ఉంది, హాంగ్‌ఝౌలో మన అమ్మాయిలకు స్వర్ణం వచ్చింది, ఈ లెక్కలు ఇంట్లో నాన్నలకు చెప్పండి. మా నాన్నలకు చెప్తే, అవునా, కబడ్డీకి బంగారం ఇస్తారా అని కాసేపు ఆలోచించారు.

తేదీల సంగతి. ఇంకా ప్రకటించలేదు. దసరా సెలవుల తర్వాత ఉండొచ్చని పీడీ సార్ అంటున్నారు. ముందు మనకు తీజ్ ఉంది, ఆ తొమ్మిది రోజులు అమ్మాయిలు ప్రాక్టీసుకు రారు, రమ్మనొద్దు కూడా. బుట్టల్లో గోధుమ మొలకలకు నీళ్లు పోసేది వాళ్లే కదా. తర్వాత వానలు. కట్టలేరు పొంగితే వినగడప, తోటమూల దారి తెగుతది, అటువైపు ముగ్గురు చుట్టు తిరిగి రావాలి. ఆ తర్వాత పత్తి తీతలు. తీతకు పోతే రోజు కూలి వస్తది, ప్రాక్టీసుకొస్తే ఏమొస్తది? దీనికి మా దగ్గర జవాబు లేదు. అందుకే ప్రాక్టీసు తెల్లారి ఐదింటికే పెట్టాం, ఏడింటికల్లా వదిలేస్తాం, కూలికి పోయేవాళ్లు పోవచ్చు.

కాగితాల విషయంలో మాత్రం ఎవరూ బద్ధకించొద్దు. మన పిల్లలున్న ఒక కాలేజీ జట్టు, పేరు వద్దు, రెండేళ్ల కిందట కోర్టు దాకా పోయి ఆడకుండా తిరిగొచ్చింది. ఎలిజిబిలిటీ ఫారాల మీద సంతకం పెట్టాల్సిన చోట ఆఫీసులో పెట్టలేదు. పిల్లలు అన్నీ ఇచ్చారు, లోపల ఎవరో చూసుకోలేదు. పదో తరగతి మార్కుల జాబితా, ఇంటర్ మెమో, ఆధార్, ఈ ఏడాది ఫీజు కట్టిన రసీదు, బోనఫైడ్, ఫొటోలు అన్నీ రెండు సెట్లు తీసి పెట్టుకోండి. వయసు 25 దాటితే యూనివర్సిటీ జట్టుకు కుదరదు, మధ్యలో చదువు ఆపి మళ్లీ చేరిన అన్నలు ఈ లెక్క చూసుకోండి. ఫారాలు ఆఫీసులో ఇచ్చాక వదిలేయకుండా, సంతకం పడిందో లేదో చేతిలోకి తీసుకుని చూడండి.

మా అంచనా అడిగితే, మగవాళ్లు ఒక మ్యాచ్ గెలుస్తారు. చీటీ బాగుంటే రెండు. మన రైడరు వస్తే, ఎడమ కార్నర్ ఓపిక పడితే, ఇద్దరిలో ఒకరు యూనివర్సిటీ క్యాంపుకు పోతారు. అమ్మాయిలు ఏడుగురు తేలితే సెమీస్ ఖాయం, ఇది పందెం కాసి చెప్తున్నాం.

ఇంకోటి. ఇది యూనివర్సిటీ వాళ్లకు ఉత్తరంగా కూడా రాశాం, పీడీ సార్ చేత పంపిస్తున్నాం. నాకౌట్ కాకుండా, మొదట దగ్గర దగ్గర కాలేజీలను నాలుగేసి కలిపి లీగ్ పెట్టండి అని. తిరువూరు, మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట ఒక గుంపు అనుకోండి. ఒక్కొక్కరికి మూడు మ్యాచ్‌లు, అంటే 120 నిమిషాలు. మొదటి మ్యాచ్‌లో భయపడ్డ పిల్లోడు మూడో మ్యాచ్‌లో ఎట్లా ఆడతాడో సెలెక్షన్ వాళ్లకు కనిపిస్తది. ఖర్చు పెరుగుతది, నిజమే. ఒక రోజు భోజనం, ఇంకో రోజు మ్యాట్. కానీ దగ్గర ఊళ్లే కాబట్టి ఎవరి ఇళ్లకు వాళ్లు పోయి పడుకుంటారు, బస ఖర్చు ఉండదు. ఇది ఈ ఏడాదికి అవుతదని ఆశ లేదు. అప్పటిదాకా ఫ్రెండ్లీ మ్యాచ్‌లైనా ఆడదాం. మధిర మనకు దగ్గరే, రాష్ట్రం వేరు, యూనివర్సిటీ వేరు, అయినా మట్టి ఒకటే. అక్కడ చదువుతున్న మనవాళ్లెవరైనా గ్రూపులో ఉంటే కామెంటులో చెప్పండి. ఆదివారం మీరు రండి, పై ఆదివారం మేం వస్తాం. భోజనం మాది.

ప్రాక్టీసు సోమవారం నుంచి మళ్లీ మొదలు, నెమలిలో, తెల్లారి ఐదింటికి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు ఒక విన్నపం. డబ్బులు పంపొద్దు, లెక్క చెప్పడం మాకు తలనొప్పి. 7 నంబర్ షూ మూడు జతలు, 8 నంబర్ నాలుగు జతలు, 9 నంబర్ ఒకటి కావాలి, వాడినవైనా ఫర్వాలేదు, అడుగున రబ్బరు అరగకుండా ఉంటే చాలు. అమ్మాయిలకు 5 నంబర్ ఐదు జతలు, 6 నంబర్ రెండు. మోకాలి పట్టీలు ఎన్నున్నా పనికొస్తాయి. తిరువూరు బస్టాండులో దిగి ఫోన్ చేస్తే ఎవరో ఒకరం వచ్చి తీసుకుంటాం.